వారసుల జాబితాలో కూతురి పేరు కూడా రాయండి: రెవెన్యూ అధికారులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల భూ పరిపాలన ప్రధాన కమిషనర్లకు, జిల్లా కలెక్టర్లకు, తహశీల్దార్లకు నమస్కారాలతో,

విషయం: తండ్రి మరణించాక భూమి పేరు మార్పిడి చేసేటప్పుడు పెళ్లయిన కూతుళ్ల పేర్లు వదిలిపెట్టడం గురించి; దానిపై వారు ఇచ్చుకునే అర్జీలకు కారణాలతో కూడిన సమాధానం ఇప్పించవలసిందిగా కోరడం గురించి.

అయ్యా, అమ్మా,

నేను ముప్పై మూడేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. నాలుగేళ్లుగా, అధికారులు అర్జీలు తీసుకునే ప్రతి సోమవారం పొద్దున్నే మా జిల్లా కలెక్టరేటుకు వెళ్లి, గేటు పక్కన చెట్టు కింద కూర్చుని, రాయడం రాని వాళ్లకూ, రాయడం వచ్చినా ఆఫీసు భాషకు జంకే వాళ్లకూ డబ్బు తీసుకోకుండా అర్జీలు రాసిపెడుతున్నాను. పింఛను ఆగిపోయిందనీ, రేషను కార్డులో పేరు పోయిందనీ, ఇంటి స్థలం పట్టా రాలేదనీ వచ్చేవాళ్ల అర్జీల్లో కొన్నయినా ఎప్పుడో ఒకప్పుడు కొలిక్కి వస్తాయి. ఒక రకం అర్జీ మాత్రం ఎన్నిసార్లు రాసినా కదలడం లేదు. "మా నాన్న చనిపోయాడు, భూమి మా అన్నదమ్ముల పేర ఎక్కింది, నన్నెవరూ అడగలేదు" అన్న మాటల్లో దాని సారమంతా ఉంది. తెలంగాణలో ఉంటున్న మా చెల్లెలు అక్కడి సోమవారం అర్జీల కార్యక్రమమైన ప్రజావాణిలోనూ ఇదే మాట వినిపిస్తోందని చెబుతుంది. అక్కడ దాన్ని విరాసత్ అంటారు, ఇక్కడ మ్యుటేషన్ అంటాం. పేరు ఏదైనా జరిగేది ఒక్కటే కనుక రెండు రాష్ట్రాల అధికారులకూ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ హక్కు కొత్తగా ఎవరో దయతో ఇచ్చింది కాదు. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమానంగా వాటాలు వస్తాయని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. తండ్రి కంటే ముందే చనిపోయిన కొడుకు భార్యాబిడ్డలనూ అది మొదటి వరుస వారసుల్లోనే చేర్చింది. పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చిన సవరణ, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. తమిళనాడు 1989లోనూ, మహారాష్ట్ర, కర్ణాటకలు 1994లోనూ మన బాట పట్టాయి. కేంద్ర ప్రభుత్వం 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటికీ ఆ హక్కును వర్తింపజేయడంతో, అప్పటివరకు మన సవరణలో 1985కు ముందే పెళ్లయిన ఆడపిల్లలకు ఉన్న అడ్డంకి కూడా తొలగిపోయింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అన్న మీమాంసను సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చివేసి, హక్కు పుట్టుకతో వచ్చింది కనుక తండ్రి బతికి ఉండటంతో దానికి పని లేదని స్పష్టం చేసింది. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామనే వాదనను ప్రభుత్వ పత్రాల వంటి గట్టి ఆధారం లేకుండా ఒప్పుకోరాదని కూడా ఆ తీర్పులోనే ఉంది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరు అయిన పంపకాలను, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాలను చట్టం కదిలించదు. తండ్రి వీలునామా రాసి ఉంటే ఆ లెక్క వేరు. ఆ మినహాయింపుల కిందికి వచ్చే వాళ్లెవరైనా నా దగ్గరికి వస్తే అర్జీ రాయకుండా, ఉన్న మాట చెప్పి పంపేస్తాను. నేను మాట్లాడుతున్నది ఏ మినహాయింపూ లేని, వాటా ఉందని చట్టం నేరుగా చెబుతున్న ఆడవాళ్ల గురించి.

ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వారసత్వ నియమాలు వేరు, షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం వర్తించదు. ఆదివాసీ కూతుళ్ల హక్కు గురించి విడిగా మరో లేఖ రాయవలసినంత విషయం ఉంది. అయితే నేను చెప్పబోయే లోపం ఏ మతం వారి భూమి ఫైలులోనైనా అదే రూపంలో కనిపిస్తుంది.

పేరు ఎక్కడ రాలిపోతోందో మీకు చెప్పాలి, ఎందుకంటే అది రాలిపోతున్నది కోర్టుల్లో కాదు, మీ కార్యాలయాల్లోనే. తండ్రి చనిపోయాక కొడుకులు ముందుగా, ఆయన కుటుంబ సభ్యులెవరో తెలిపే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేస్తారు. దాని మీద విచారణ చేసే ఉద్యోగి చేతిలో ఉండే ఆధారం చాలాసార్లు రేషను కార్డే. పెళ్లయి వెళ్లిన కూతురి పేరు పదేళ్ల కిందటే ఆ కార్డులోంచి తీసి అత్తవారింటి కార్డులో ఎక్కించి ఉంటారు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ల జాబితా రేషను కార్డు. చనిపోయిన మనిషికి వారసులెవరన్నది వేరే ప్రశ్న. ఈ రెండూ ఒకటేనన్నట్టు నివేదిక తయారవుతుంది. "మృతునికి భార్య, ఇద్దరు కుమారులు కలరు" అని ఒక్క వాక్యం పడుతుంది. కింద ఊళ్లోని ఇద్దరు పెద్దమనుషులు సాక్షి సంతకాలు చేస్తారు. ఆ ఇంటి ఆడపిల్ల పెళ్లిలో బంతిలో కూర్చుని భోజనం చేసిన పెద్దమనుషులే ఆ సంతకాలు చేస్తారు. ఆ కాగితం ఒకసారి తయారయ్యాక మిగతాదంతా దాన్ని చూసే నడిచిపోతుంది. పాసుపుస్తకం వస్తుంది, భూమి రికార్డులైన 1బీలో, అడంగల్‌లో, పహాణీలో పేర్లు మారతాయి, బ్యాంకులో పంట రుణం పుడుతుంది, ప్రభుత్వం రైతుకిచ్చే పెట్టుబడి సాయం ఆ ఖాతాల్లోనే పడుతుంది. ఆమెకు తెలిసేసరికి భూమి చేతులు మారి కూడా ఉంటుంది.

కిందటి ఎండాకాలంలో అరవై దాటిన ఒక అక్క నా దగ్గరికి వచ్చింది. పాలిథిన్ కవరులో తండ్రి మరణ ధ్రువపత్రం, తన ఆధార్ కార్డు తప్ప మరేమీ లేవు. ఆధార్‌లో భర్త పేరు, అత్తవారి ఇంటిపేరు ఉన్నాయి. నువ్వు ఫలానా వ్యక్తి కూతురివేనని రుజువేమిటని కార్యాలయంలో అడిగారట. ఆమె అయిదో తరగతి వరకు చదివిన బడి ఏదో కనుక్కుని, ఆ ప్రధానోపాధ్యాయుణ్ణి బతిమాలి, ఇద్దరం వెళ్లి బీరువా అడుగున ఉన్న పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాం. అంచులు చెదలు తిన్న ఒక పేజీలో ఆమె పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి. తండ్రి లేదా సంరక్షకుడు అన్న గడిలో ఒక వేలిముద్ర, దాని పక్కన ఆయన పేరు ఆనాటి మాస్టారి దస్తూరీలో ఉంది. ఆమె ఆ వేలిముద్ర మీద చేయి పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. కూతురి పేరు రాయించడానికి ఆ తండ్రి పొలం పని మానుకుని బడి దాకా నడిచి వచ్చాడు. ఆయన కొడుకుల్ని మాత్రం మీరే తండ్రి కొడుకులని రుజువు చేయమని ఎవరూ అడగలేదు.

నా సంగతి కూడా చెప్పకుండా ఇతరుల గురించి రాయడం నాకు సబబుగా అనిపించడం లేదు. నాకు 1988లో పెళ్లయింది. అంటే 1985 సవరణ ప్రకారం మా నాన్న పిత్రార్జితంలో నాకు హక్కు ఉంది, ఆ సంగతి నాకు తెలుసు కూడా. నాన్న పోయాక పెద్దకర్మ రోజున, భోజనాలు ముగిసి బంధువులు వెళ్లడానికి లేచిన వేళ, మా పెదనాన్న ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. పళ్లెంలో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్కతో పాటు కొత్త చీర పక్కన ఆ కాగితం పెట్టారు. కాగితానికి పైన సగం ఖాళీ వదిలి కింద నా పేరు పెన్సిలుతో రాసి ఉంచారు. "సంతకం పెట్టమ్మా, పుట్టింటి వాకిలి నీకెప్పుడూ తెరిచే ఉంటుంది" అన్నాడాయన. పక్కనే తెల్లచీర కట్టుకుని అమ్మ కూర్చుని ఉంది. ఇల్లంతా ఏడుపుతో నిండి ఉన్న ఆ పూట, ఇందులో ఏం రాస్తారని అడిగే గొంతు నాకు రాలేదు. తరగతి గదిలో ప్రాథమిక హక్కుల పాఠం చెప్పే నేను ఖాళీ కాగితం కింద సంతకం చేశాను. మా తమ్ముళ్ల మీద నాకు కోపం లేదు. అది తప్పని వాళ్లకూ ఎవరూ చెప్పలేదు. చదువు, ఉద్యోగం, నెల జీతం ఉన్న నా చేత అలా పెట్టించగలిగారంటే, అత్తింట్లో తేడా వస్తే తిరిగి రావడానికి పుట్టిల్లు తప్ప మరో చోటు లేని ఆడపిల్ల ఎంత నిస్సహాయంగా వేలిముద్ర వేస్తుందో మీరే ఆలోచించండి.

స్థిరాస్తిలో హక్కు వదులుకుంటూ రాసే దస్తావేజు రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. అయినా పెద్దకర్మ నాటి తెల్లకాగితాలు, నోటరీ ముద్ర వేసిన అఫిడవిట్లు "ఆడపడుచులకు అభ్యంతరం లేదు" అనడానికి ఆధారాలుగా ఫైళ్లలో చేరిపోతున్నాయి. ఆమెను పిలిపించి, ఇది నీ సంతకమేనా, ఇష్టపడే పెట్టావా అని అడిగిన దాఖలా నేను చూసిన ఫైళ్లలో చాలా అరుదు. కొన్నింటిలోనైతే విచారణ నివేదికే "వివాహ సమయమున కట్నకానుకలు ఇచ్చినందున ఆడపిల్లలకు వాటా లేదు" అని రాస్తుంది. ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. ఒక నేరం జరిగిందని ప్రభుత్వ ఉద్యోగి స్వయంగా రాతలో ఒప్పుకుని, ఆ నేరాన్నే కారణంగా చూపి, చట్టం ఇచ్చిన హక్కును కొట్టివేస్తున్నాడు. ఆ కట్నం ఆమె చేతికి వచ్చిందా అంటే అదీ లేదు. మామగారి అప్పు తీరడానికో, ఆడపడుచు పెళ్లికో, భర్త వ్యాపారానికో పోయింది. తన చేతిలో ఒక్కరోజైనా లేని డబ్బుకు ఆమె భూమిని బదులు తీసుకుంటున్నారు.

ఇక అర్జీకి వచ్చే సమాధానం గురించి. సోమవారం నాడు టోకెను తీసుకుని, వరుసలో నిలబడి, అధికారి చేతికి అర్జీ ఇస్తే రసీదు వస్తుంది. అక్కడ వినేటప్పుడు చాలామంది అధికారులు ఓపిగ్గానే వింటారు, ఆ మాట నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఆ అర్జీ తిరిగి వెళ్లేది ఏ తహశీల్దారు కార్యాలయం మీద ఫిర్యాదు చేశామో ఆ కార్యాలయానికే. కొద్ది వారాలకు ఫోనుకు సందేశం వస్తుంది: మీ అర్జీ పరిష్కరించబడినది. పరిష్కారం ఏమిటని వెళ్లి అడిగితే ఒక ఎండార్స్‌మెంట్ (రాతపూర్వక జవాబు) ఇస్తారు: "ఇది సివిల్ వివాదము అయినందున కోర్టును ఆశ్రయించవలసినదిగా తెలియజేయడమైనది." ఈ వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. అయ్యా, కొడుకులిద్దరూ వచ్చి మా పేర రాయండి అన్నప్పుడు అది సివిల్ వివాదం కాలేదు, మామూలు పరిపాలనా వ్యవహారంగానే నడిచిపోయింది. కూతురు వచ్చి నా పేరు ఎందుకు లేదని అడిగిన రోజున అదే భూమి, అదే చట్టం, అదే ఫైలు సివిల్ వివాదంగా మారిపోయాయి. వాటాలు తేల్చే అధికారం మీకు లేదనడం సరైన మాటే. మ్యుటేషన్ వల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. ఆమె కోరుతున్నదీ వాటా తేల్చమని కాదు. వారసులెవరో నిజం రాయమని, మార్పు చేసేముందు తనకు నోటీసు ఇవ్వమని కోరుతోంది. ఆ రెండూ మీ పనులే. రికార్డులో మార్పు వల్ల ప్రభావితులయ్యే వారికి లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్‌లో అమల్లో ఉన్న 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం చెబుతోంది. గోడకు ప్రకటన అంటించినంత మాత్రాన సరిపోదని, నోటీసు విడిగా వారికి అందాలని ఉమ్మడి హైకోర్టు 2007లోనే చెప్పింది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం కూడా వారసత్వ మార్పిడికి ముందు నోటీసు, విచారణ ఉండాలని అంటోంది.

కోర్టుకు వెళ్లమనడం చెప్పినంత తేలిక కాదని మీకూ తెలుసు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఈ సంగతి నేను ప్రతి అర్జీదారుకూ చెప్పి మండల న్యాయసేవా కమిటీ దారి చూపిస్తాను. అయినా కూలికి పోయే మనిషి వాయిదాకో రోజు చొప్పున ఏళ్ల తరబడి తిరగాలి. స్వాధీనంలో లేదని అన్నదమ్ములు వాదిస్తే కోర్టు ఫీజు ఆమె వాటా విలువను బట్టి పడుతుంది. వీటన్నిటినీ మించి, కోర్టు నోటీసు వెళ్లిన రోజుతో పుట్టింటితో మాటలు ఆగిపోతాయి. మొదటి కాగితంలోనే ఆమె పేరు ఉండి ఉంటే ఆ దావా చాలాసార్లు అవసరమే ఉండేది కాదు. అన్నదమ్ములే ఆమెతో కూర్చుని మాట్లాడుకుని ఉండేవాళ్లు.

భూమి ముక్కలైపోతుందని కొందరు అధికారులు నాతో అన్నారు. మన రెండు రాష్ట్రాల్లో కమతం సగటున రెండున్నర ఎకరాలకు మించదు కనుక ఆ బెంగ నిజమైనదే. కానీ నలుగురు అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఆ బెంగ ఎవరూ వెలిబుచ్చరు, అయిదో వాటా అక్కది అన్నప్పుడే అది గుర్తుకు వస్తుంది. ఉమ్మడిగా పేర్లు ఉంచి ఒకరు సాగు చేసుకోవచ్చు, వాటాకు తగిన డబ్బు ఇచ్చి రిజిస్టరు దస్తావేజు రాయించుకోవచ్చు, కౌలు ఇవ్వవచ్చు. మనస్ఫూర్తిగా తమ్ముడికి వదిలేసే అక్కలూ ఉన్నారు, వాళ్ల ఇష్టాన్ని నేను తప్పుపట్టను. వదులుకోవాలన్నా ముందు అది ఆమెదని కాగితం ఒప్పుకోవాలి కదా. 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద ఆడవాళ్ల పేర ఉన్న కమతాలు వందకు 14 మాత్రమే. పొలంలో నాట్లు, కలుపు, కోతలు ఎవరి చేతుల మీద నడుస్తాయో మనందరికీ తెలుసు.

అర్జీ అనే దానికి బలం ఉందన్న నమ్మకంతోనే నేను ఇంకా ఆ చెట్టు కింద కూర్చుంటున్నాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సాక్షరతా తరగతుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ కబురు ఊరూరా పాకి, సారా వేలంపాటలే జరగనివ్వని స్థాయికి ఉద్యమం పెరిగింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ రోజుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను రాత్రిపూట లాంతరు వెలుగులో మా ఊరి ఆడవాళ్లకు సంతకం నేర్పాను. వేలిముద్ర బదులు సంతకం చేయడం ఎంత గౌరవమో వాళ్ల ముఖాల్లో చూశాను. వాళ్లలో కొందరు అలా నేర్చుకున్న ఆ సంతకాన్నే తర్వాత హక్కు వదులుకునే కాగితాల మీద పెట్టారని తెలిసినప్పుడు నా మనసు ఎంత కలుక్కుమందో చెప్పలేను.

కనుక నేను మిమ్మల్ని కోరేది ఇది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ దరఖాస్తులో "మృతుని కుమార్తెలు, వివాహితులతో సహా" అన్న గడి తప్పనిసరిగా ఉండేలా, అది ఖాళీగా ఉంటే దరఖాస్తు ముందుకు కదలకుండా ఉండేలా ఆదేశించండి. కూతుళ్లు లేకపోతే లేరని దరఖాస్తుదారు సంతకం చేసి చెప్పాలి, అది అబద్ధమని తేలితే దానికి బాధ్యత అతనిదే కావాలి. విచారణకు వెళ్లే ఉద్యోగి రేషను కార్డుతో ఆగకుండా మృతుడి భార్యను, ఆమె లేకపోతే ఇరుగుపొరుగు ఆడవాళ్లను అడిగి, ఎంతమంది పిల్లలు, ఎవరెక్కడ ఉన్నారో నివేదికలో రాయాలి. నోటీసు ఆమె ఇప్పుడు ఉంటున్న ఊరికి, ఆమె పేరనే వెళ్లాలి. అన్నగారి ఇంటి చిరునామాకు పంపి అందిందని రాసుకోవడం ఆపాలి. ఎవరైనా ఆడపిల్ల అభ్యంతరం లేదని చెబితే ఆ మాట ఆమె నోట, అన్నదమ్ములూ భర్తా పక్కన లేకుండా, రాసింది చదివి వినిపించాకే నమోదు చేయాలి. మరణం జరిగిన నెలలోపు అలాంటి మాట తీసుకోకపోతే ఇంకా మంచిది. హక్కు వదులుకునేది రిజిస్టరు దస్తావేజు ద్వారానేనని, తెల్లకాగితం చెల్లదని ప్రతి కార్యాలయంలో తెలుగులో బోర్డు పెట్టించండి. చనిపోయిన కొడుకు భార్య విషయంలోనూ ఇవన్నీ పాటించాలి; చిన్న వయసులో భర్తను పోగొట్టుకుని, మామగారి భూమిలో పేరు లేక, బిడ్డలతో పుట్టింటికి చేరిన ఆడవాళ్ల అర్జీలు నా దగ్గర తక్కువేమీ లేవు.

అర్జీల విషయంలో మరొక్క మనవి. ఏ కార్యాలయం మీద అర్జీ వచ్చిందో ఆ కార్యాలయమే దాన్ని పరిష్కరించబడినదని మూసివేసే పద్ధతి మార్చి, కూతుళ్ల పేరు వదిలేసిన ఫిర్యాదులను తహశీల్దారుకు పై అధికారి అయిన ఆర్డీఓ స్థాయిలో చూడాలని, ఫైలు తెప్పించి, జాబితాలో ఆమె పేరు ఎందుకు లేదో ఒక్క వాక్యంలోనైనా కారణం రాసి ఇవ్వాలని వేడుకుంటున్నాను. కారణం రాయవలసి వస్తే ఎన్నో తప్పులు అక్కడికక్కడే బయటపడి సర్దుకుంటాయి. కాగితం చేతిలో ఉంటే ఆమె పై అధికారి దగ్గరికో, కోర్టుకో వెళ్లగలుగుతుంది.

పాత అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి వేలిముద్ర చూసుకున్న ఆ అక్క అర్జీకి కూడా మూడు వారాల కిందట పరిష్కరించబడినదన్న సందేశమే వచ్చింది. ఆమె చదవలేక ఫోను నా చేతికిచ్చి, "పేరు ఎక్కిందా టీచరమ్మా?" అని అడిగింది. లేదని చెప్పాను. వచ్చే సోమవారం మళ్లీ వస్తానని, ఈసారి ఆ పేజీ నకలు మీద ప్రధానోపాధ్యాయుడి సంతకం కూడా తెస్తానని చెప్పి వెళ్లింది. ఆ ఫైలు తిరిగి తెరిపించి, విచారణకు ఆమెను పిలిపించగలరని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
సోమవారం అర్జీలు రాసే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు